లాగ్‌సెక్: ‘ఇల్లు’ ఒక పేజీ, ‘ఇంట్లో’ ఇంకో పేజీ

నోట్స్ రాసుకునే యాప్ లాగ్‌సెక్‌ని తెరవగానే ఈరోజు తేదీతో ఖాళీ పేజీ ఎదురొస్తుంది. ఏ ఫోల్డర్‌లో పెట్టాలి, ఏం పేరు పెట్టాలి అన్న తర్జనభర్జన లేకుండా రాసేయొచ్చు. ప్రతి ముక్కా ఒక బుల్లెట్. ట్యాబ్ నొక్కితే పై బుల్లెట్ కింద చేరుతుంది, షిఫ్ట్ ట్యాబ్‌తో బయటికొస్తుంది. పేరు చుట్టూ [[ ]] పెడితే దానికి సొంత పేజీ వస్తుంది.

బెంగళూరు అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లకు ఇది నీళ్ల ట్యాంకర్ లెక్కలో బాగా పనికొస్తుంది. ట్యాంకర్ వచ్చిన రోజు [[ట్యాంకర్]] అని రాసి, ఎన్ని లీటర్లో, ఎంత ఇచ్చారో పక్కన వేస్తే చాలు. నెలాఖరున ఆ పేజీ అడుగున అన్ని ఎంట్రీలూ తేదీలవారీగా ఉంటాయి. కూడిక మనమే వేసుకోవాలి. మెయింటెనెన్స్ బిల్లుతో సరిచూసుకోవడానికి అంతకన్నా అక్కర్లేదు.

తెలుగులో రాసేవాళ్లు మొదటిరోజే పట్టించుకోవాల్సింది విభక్తులు. [[ఇంట్లో]] అని రాస్తే [[ఇల్లు]]తో సంబంధం లేని కొత్త పేజీ పుడుతుంది. కాబట్టి [[ట్యాంకర్]]కి అన్నట్టు ప్రత్యయాన్ని బయట ఉంచండి. మాట రూపమే మారిపోయే చోట, ‘ఇల్లు’ పేజీ మొదటి బుల్లెట్‌లో ఎలియాస్ (మారుపేరు) ప్రాపర్టీ పెట్టి ఇంటి, ఇంట్లో అని కామాతో ఇవ్వండి. మూడూ ఒకే పేజీకి వెళ్తాయి. ఎలియాస్ అన్న మాట ఇంగ్లిష్ అక్షరాల్లోనే, వెంటనే రెండు కోలన్‌లతో (alias::) ఉండాలి. ‘వైట్‌ఫీల్డ్’ అని ఓసారి, ‘వైట్ ఫీల్డ్’ అని ఓసారి కొట్టినా ఇదే గొడవ. బ్రాకెట్లు తెరిచి రెండక్షరాలు కొట్టగానే వచ్చే జాబితాలోంచి ఎంచుకోవడం అలవాటు చేసుకోండి.

ఏదైనా పనికి తేదీ పెట్టాలంటే, స్లాష్ (/) కొట్టి షెడ్యూల్డ్ ఎంచుకుంటే క్యాలెండర్ వస్తుంది. జనవరి 13న సంక్రాంతికి ఊరెళ్లే రైలుకు రిజర్వేషన్ 60 రోజుల ముందు, అంటే నవంబరు 14న మొదలవుతుంది. ఆ తేదీ వేస్తే ఆరోజు జర్నల్ (ఆ తేదీ పేజీ) కింద ఆ పని కనిపిస్తుంది. అలారం మాత్రం మోగదు, ఉదయం 8 గంటల బుకింగ్‌కి ఫోన్‌లో విడిగా పెట్టుకోవాల్సిందే.

యాప్ ఉచితం. నోట్స్‌ని ఫైళ్లుగా దాచే వెర్షన్‌లో అవి రోజుకో మార్క్‌డౌన్ (సాదా టెక్స్ట్) ఫైలుగా మన కంప్యూటర్‌లోనే ఉంటాయి, యాప్ తీసేసినా నోట్‌ప్యాడ్‌లో చదువుకోవచ్చు. బలహీనత అంతా సింక్‌లోనే, అంటే ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకే నోట్స్ ఉండేలా చూసుకోవడంలోనే. వాళ్ల సొంత సింక్‌కి డబ్బు కట్టాలి. ఫైళ్లను సింక్ చేసే వేరే యాప్ సింక్‌థింగ్ ఉచితమే, కానీ ఈరోజు పేజీని ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ ఒకేసారి మారిస్తే కాన్‌ఫ్లిక్ట్ పేరుతో రెండో ఫైలు తయారవుతుంది, దాన్ని చేత్తో కలపాలి. ఒకచోట యాప్ మూసి, సింక్ పూర్తయిందని చూసుకున్నాకే రెండోచోట తెరవండి.