‘ఎల్క్ రెడీ’ విల్లు ప్యాకేజీలతో జాగ్రత్త

అమెరికాలోని కొలరాడోలో సెప్టెంబరు ఆర్చరీ (విల్లుతో వేట) సీజన్‌కి విల్లు కొనాలనుకుంటున్నవాళ్ళు డబ్బు కట్టేముందు ఇది చదవండి. వాడేసిన కాంపౌండ్ బోకి (చివర్ల చక్రాలున్న విల్లు) సైటు (గురి చూసే పరికరం), రెస్టు (బాణం ఆనే చోటు), బాణాలు అన్నీ తగిలించి ‘ఎల్క్ రెడీ’ (ఎల్క్ అనే పెద్ద దుప్పి వేటకి సిద్ధం) అని ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. అలా తెప్పించిన ఒక పెట్టెలో వచ్చినవి ఇవీ: 30 అంగుళాల డ్రా లెంగ్త్‌కి (నారి లాగే దూరం) బిగించిన 70 పౌండ్ల విల్లు, 400 స్పైన్ (బాణం ఎంత వంగుతుందో చెప్పే అంకె) కార్బన్ బాణాలు అరడజను, పేరున్న కంపెనీ అట్ట మీద మెకానికల్ బ్రాడ్‌హెడ్లు (తగిలాక రెక్కలు విచ్చుకునే వేట మొనలు), బ్యాటరీ లైటున్న సైటు. కొన్న మనిషి డ్రా 28 అంగుళాలు. ప్రకటనలో పెద్దక్షరాలతో ఉన్న బాణం వేగం మాత్రం ‘సెకనుకి 340 అడుగులు’. వాపసు గడువు వారమే. షాపులో చూపించేసరికి అదీ దాటింది. అమ్మినవాడి జవాబు: ‘మీరే సరిగ్గా వాడలేదు.’

ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం, దానికి 1991లో చేసిన సవరణ వచ్చాక వేట లేదు కాబట్టి మనలో చాలామందికి ఇంట్లో చెప్పే పెద్దలు లేరు. ప్రకటనే గురువవుతోంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ముందు ఆ 340 సంగతి. ఆ అంకె 70 పౌండ్ల బలం, 30 అంగుళాల డ్రా, 350 గ్రెయిన్ల (చిన్న బరువు కొలత) బాణంతో కొలిచింది. డ్రా ఒక అంగుళం తగ్గితే ఇంచుమించు 10 అడుగులు పోతాయి. బాణం మూడు గ్రెయిన్లు బరువెక్కితే దాదాపు ఒక అడుగు పోతుంది. ఎల్క్‌కి వాడే బాణం మొనతో కలిపి 450 నుంచి 500 గ్రెయిన్లు ఉంటుంది. 28 అంగుళాల డ్రాతో 470 గ్రెయిన్ల బాణం వేస్తే నిజంగా వచ్చేది 280 దగ్గర. అది ఎల్క్‌కి బాగా చాలు, అందులో లోటేమీ లేదు. ఆ 340 కోసం తేలిక బాణం పెట్టినప్పుడే ముప్పు. మగ ఎల్క్ 300 కిలోలు దాటుతుంది. మందమైన తోలు, పక్కటెముక తగిలితే తేలిక బాణం లోపలికి దిగదు. గాయపడ్డ జంతువు కొండ దాటిపోతుంది. పైగా పౌండుకి 5 గ్రెయిన్లకన్నా తక్కువ బాణం వేస్తే, విల్లుని బాణం లేకుండా ఒట్టిగా లాగి వదిలినట్టే. మిగిలిన శక్తంతా లింబుల (విల్లు వంగే కొమ్ముల) మీద పడుతుంది.

స్పైన్ అంకె ఎంత తక్కువైతే బాణం అంత గట్టిది. 28 అంగుళాల ఎడంలో రెండుచోట్ల ఆనించిన బాణం నడుమ 1.94 పౌండ్ల బరువు వేలాడదీస్తే 400 బాణం 0.400 అంగుళం వంగుతుంది, 300 బాణం 0.300. 70 పౌండ్ల విల్లుకి 28, 29 అంగుళాల బాణం, 100 గ్రెయిన్ల మొన అయితే 340 స్పైన్ చూడాలి. మొన 125 అయినా, బాణం ఇంకా పొడుగైనా 300కి వెళ్ళాలి. 400 దీనికి మెతక. చిక్కేమిటంటే మామూలు ఫీల్డ్ పాయింటుతో (రెక్కల్లేని సాధన మొన) టార్గెట్ మీద అది బాగానే తగిలినట్టు కనిపిస్తుంది. బ్రాడ్‌హెడ్ పెట్టగానే రెక్కలు గాలిని పట్టుకుని పక్కకి లాగేస్తాయి. మరీ మెతకదైనా, పగులున్నదైనా, వదిలే క్షణంలో విరిగి విల్లు పట్టుకున్న చేతిలోకి దిగగలదు. కార్బన్ బాణాన్ని వేసే ప్రతిసారీ రెండు చేతులతో వంచి, తిప్పి చూడండి. చిటపట శబ్దం వస్తే పారేయండి.

డ్రా లెంగ్త్‌కి లెక్క: చేతులు బారచాచి కొలిచి 2.5తో భాగించండి. 70 అంగుళాలుంటే 28. ఇది అంచనాకే, షాపులో లాగి చూసుకోవాల్సిందే. రెండంగుళాలు ఎక్కువైతే నారి ముఖం దాటి వెనక్కి వెళ్ళి, వదిలినప్పుడు ముంజేతిని కొడుతుంది. ‘అడ్జస్ట్ చేసుకోవచ్చు’ అన్న మాట నమ్మకండి. కొన్ని విల్లులకి క్యామ్ (విల్లు చివరి చక్రం) మీదున్న మాడ్యూల్ (డ్రా మార్చే ముక్క) జరిపితే సరిపోతుంది, కొన్నిటికి క్యామే మార్చాలి, ప్రెస్ (లింబుల్ని వంచిపట్టే యంత్రం) కావాలి. ఆ క్యామ్ ఇంకా దొరుకుతోందో లేదో కొనేముందే కనుక్కోండి.

వాడిన విల్లు చేతికి రాగానే లాగకండి. లింబుల అంచుల వెంట దూది రాయండి. పోగు చిక్కుకున్నచోట చీలిక ఉంది. వెనకనుంచి చూస్తే క్యామ్ ఒరిగి ఉందా, అంచు వంగిందా చూడండి. ఎవరో ఒట్టిగా వదిలిన విల్లుకి ఇవే గుర్తులు. నారి పీచుదేలినా, దాని మీద చుట్టిన సర్వింగ్ దారం విడినా నారి మార్చాల్సిందే. కొత్త నారి కొంత సాగుతుంది, పీప్ (నారిలో ఉండే గురి రంధ్రం) తిరిగిపోతుంది, అందుకు సమయం ఉంచుకోండి. వారంటీ ఎక్కువ కంపెనీలు మొదటి కొనుగోలుదారుకే ఇస్తాయి.

బ్రాడ్‌హెడ్లలో నకిలీలు చాలా ఉన్నాయి. అట్ట అచ్చం ఒకేలా ఉంటుంది, లోపలి ఉక్కు వేరు. గ్రెయిన్ త్రాసు మీద ఒక్కోటీ తూచండి: 100 అని రాసినది 94, 107 తూగితే అసలుది కాదనుకోవచ్చు. బాణానికి బిగించి తిప్పితే మొన ఊగకూడదు. కాగితాన్ని నొక్కకుండానే కోయాలి. కొలరాడో నిబంధన ప్రకారం మొన వెడల్పు కనీసం 7/8 అంగుళం ఉండాలి, ఉక్కు అంచులు రెండైనా ఉండాలి. విల్లుకి బ్యాటరీ పరికరాలు తగిలించకూడదు, వెలిగే నాక్‌కి (బాణం తోక ముక్క) మినహాయింపు ఉంది. అంటే ఆ పెట్టెలోని సైటుతో అడవికెళ్తే జరిమానా. ఏ ఏటి నిబంధనలు ఆ ఏటి పుస్తకంలోనే చూసుకోండి.

కొనే వరస తిరగేయండి. ముందు షాపులో కొలత, తర్వాత విల్లు, దానికి తగ్గ బాణం, ఆఖర్న మొన. సైటు, రెస్టు విడిగా కొన్నా ప్యాకేజీ కన్నా మరీ ఎక్కువేం కాదు. సీజన్‌కి నెలల ముందే విల్లు చేతిలో ఉండాలి. ట్యూనింగ్‌లో (గురి కుదిరేలా విల్లు సరిచేసేటప్పుడు) బ్రాడ్‌హెడ్లు ఫీల్డ్ పాయింట్లకి ఎడమగా పడితే రెస్టుని కుడికి 1/32 అంగుళం మాత్రమే జరపండి, మళ్ళీ వేసి చూడండి. రెండు గుంపులూ కలిసేదాకా ఇదే పని.

ప్యాకేజీతో ఉచితంగా ఇచ్చే బ్యాక్‌ప్యాక్, మాంసం సంచుల గురించి ఒక్క మాట. ఎముకతో ఉన్న వెనక తొడ ఒక్కటే 60 పౌండ్లు దాటుతుంది, ఫ్రేము లేని సంచికి కుట్లు ఊడిపోతాయి. సెప్టెంబరు ఎండకి ప్లాస్టిక్ సంచిలో మాంసం పాడవుతుంది. గాలి ఆడే గుడ్డ సంచులు ఐదు కొనుక్కోండి.

డల్లాస్, హ్యూస్టన్ నుంచి వెళ్ళేవాళ్ళకి ఇంకో సంగతి. ‘లైసెన్సు కౌంటర్లో దొరుకుతుంది’ అని ఇప్పటికీ చెప్తున్నారు. 2025 నుంచి బయటి రాష్ట్రాలవాళ్ళకి ఐ-25 హైవేకి పడమట ఆర్చరీ ఎల్క్ లైసెన్సు డ్రాలోనే, అంటే లాటరీలోనే వస్తుంది, దరఖాస్తు గడువు ఏప్రిల్ మొదట్లో. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్ళకి హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ తప్పనిసరి. లైసెన్సు రాకుండా గేరు కొనకండి.

ఇప్పటికే పెట్టె తెప్పించినవాళ్ళు విప్పేటప్పుడు వీడియో తీయండి. సీరియల్ నంబరు, లింబు మీది స్టిక్కరు కనబడాలి. ఆ రోజే షాపుకి తీసుకెళ్ళి లోపాలు రాయించుకోండి. ఆ కాగితం, వీడియో జతచేసి అమ్మినవాడికి గడువులోపల రాతపూర్వకంగా వాపసు అడగండి, ఒప్పుకోకపోతే క్రెడిట్ కార్డు కంపెనీకి డిస్ప్యూట్ పెట్టండి. అంతవరకూ దాంతో ఒక్క బాణం కూడా వేయకండి.