వంటింటి కాటాకు నాలుగు మార్కులు, కేలరీల యాప్‌కు రెండే

ఐదు కిలోల డిజిటల్ కాటా, ఫోన్‌లో కేలరీల యాప్. బరువు తగ్గాలనుకున్నవాళ్ల ఇంట్లోకి ముందు వచ్చేవి ఈ రెండే. నాలుగైదు వందలకు దొరికే కాటా తన పని తాను చేస్తుంది. చిక్కంతా యాప్‌తోనే. అంతకన్నా, అది చూపే అంకెను వేదంలా పట్టుకుని కూర్చోవడంతో.

ముందు కాటా సంగతి. గట్టి బండ మీద పెట్టాలి; ప్లాస్టిక్ టేబుల్ మీద, గుడ్డ మీద పెడితే అంకె నిలవదు. కొన్న రోజే కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టి చూడండి. కవరుతో కలిపి కిలోకు కొద్ది గ్రాములు ఎక్కువ చూపితే సరైనదే. పొయ్యి మీంచి దించిన గిన్నె నేరుగా పెడితే వేడికి లెక్క తప్పుతుంది. కాసేపు ముట్టుకోకపోతే దానంతటదే ఆరిపోయి, చేసిన టేర్ (గిన్నె బరువు తీసేసి అంకెను సున్నా చేయడం) పోతుంది. అందుకే ఖాళీ గిన్నె బరువు ఎక్కడైనా రాసి ఉంచుకోవాలి.

అన్నీ తూచక్కర్లేదు. బియ్యం, నూనె, జీడిపప్పు, బెల్లం చాలు. పూటకు 60 గ్రాముల బియ్యం అంటే సుమారు 210 కేలరీలు. ఉడికాక 150 నుంచి 180 గ్రాముల అన్నం అవుతుంది. నీళ్లు ఎంత పీల్చిందన్నది ఏ రోజుకారోజే మారుతుంది కాబట్టి పచ్చి బియ్యమే తూచాలి. నూనె డబ్బాను కాటా మీద పెట్టి టేర్ నొక్కి, తాలింపుకు పోసి, మళ్లీ పెట్టండి. మైనస్ 25 అని పడితే మూకుట్లోకి 225 కేలరీలు వెళ్లినట్టు. ఆకుకూరలకు, చారుకు కాటా దండగ.

ఇక యాప్. పది జీడిపప్పులకు అది ఒకటే అంకె చూపిస్తుంది. పలాసలో ఎవరినడిగినా చెబుతారు, పప్పుకు గ్రేడు ఉంటుందని. పౌనుకు (సుమారు 454 గ్రాములకు) 320 పప్పులు తూగే 320 రకం పది పప్పులు 14 గ్రాములు, సుమారు 80 కేలరీలు. 180 రకమైతే 25 గ్రాములు, దాదాపు 140. చోడి (రాగి) అంబలి కోసం వెతికితే పాలు, పంచదార కలిపిన రాగిమాల్ట్ తగులుతుంది. 30 గ్రాముల చోడి పిండితో మజ్జిగ పోసి కాచిన అంబలికీ దానికీ పోలికే లేదు. కొలతలోనే ఇంత తేడా ఉన్నప్పుడు, రోజుకు పెట్టుకున్న లక్ష్యం 1,600 దాటి 1,640 కాగానే తెర ఎర్రబడటం అర్థం లేని పని.

ఆ ఎరుపే కొంప ముంచుతుంది. 1975లో హెర్మన్, మ్యాక్ అనే పరిశోధకులు చేసిన ప్రయోగంలో, డైటింగ్‌లో ఉన్నవాళ్లు ముందుగా మిల్క్‌షేక్ తాగితే ఆ తర్వాత ఐస్‌క్రీమ్ తగ్గించకపోగా ఇంకా ఎక్కువ తిన్నారు. ఎలాగూ తప్పింది కదా, ఇంకేముందిలే అన్న లెక్క.

విజయనగరం సిరిమానోత్సవం తీసుకోండి. మంగళవారం బూరెలు, పులిహోరలతో వెయ్యి కేలరీలు ఎక్కువ పడ్డాయనుకుందాం. కిలో కొవ్వుకు సుమారు 7,700 కేలరీలు కాబట్టి ఆ వెయ్యి 130 గ్రాములకు మించదు. బుధవారం పొద్దున్న బరువు మిషన్ కిలో ఎక్కువ చూపిస్తే అది చాలావరకు ఉప్పు పట్టి ఉంచిన నీరే. రోజూ లక్ష్యం దాటకుండా వచ్చిన వరుస తెగిందని యాప్ సున్నా నుంచి మొదలెడుతుంది, మనిషి మళ్లీ సోమవారం నుంచి చూద్దాంలే అంటాడు. బుధవారం నుంచి ఆదివారం దాకా రోజుకు 800 చొప్పున ఎక్కువైతే 4,000, అంటే అర కిలో. మొత్తం 5,000లో పండగ పెట్టింది ఐదో వంతే. మిగతాదంతా పట్టుదల పెట్టిందే.

యాప్ వాడక తప్పదనుకుంటే సెట్టింగుల్లో రోజువారీ వరుస, గుర్తుచేసే నోటిఫికేషన్లు ఆపేయండి. వారం సగటు చూపే పేజీ మాత్రమే తెరవండి. లక్ష్యం 1,600 అయితే 1,500 నుంచి 1,700 దాకా దేన్నైనా సరిగ్గానే లెక్కేయండి. పండగ తర్వాత మూడు రోజులు బరువు చూడొద్దు. మర్నాడు లంఖణం చేయకుండా మామూలు టిఫినే తినండి, లేకపోతే సాయంత్రానికి పకోడీల బండి దగ్గర తేలతారు. షుగరు మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లు తిండి తగ్గించేముందు డాక్టరును అడగాలి. తిన్నదాన్ని కక్కేసే అలవాటున్నవాళ్లు డాక్టరును కలవాలి, ఈ యాప్‌లు మాత్రం వాళ్లకు వద్దు.

కొనేటప్పుడు గిన్నె అతికించిన మోడల్ కన్నా చదునైన స్టీలు పలక ఉన్నది చూసుకోండి. తెర పలకకు బయట ఉండాలి, లేకపోతే పెద్ద మూకుడు పెట్టగానే అంకె కనపడదు.