మూడేళ్లు మాంటిస్సోరికి పంపాక చెబుతున్నా

మా పాపకి ఆరేళ్లు నిండాయి, ఈ జూన్‌లో మామూలు స్కూల్లో ఒకటో క్లాసులో చేరింది. అంతకుముందు మూడేళ్లు మన వైజాగ్‌లోనే ఒక మాంటిస్సోరికి, అంటే పిల్లలు వస్తువులతో తమంతట తాము పనిచేస్తూ నేర్చుకునే బడికి, వెళ్లింది. ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్‌లో చిన్నపిల్లలున్న వాళ్లు ఎవరు ఎదురైనా "ఎలా ఉందండీ, పంపొచ్చా, డబ్బులు దండగా?" అని అడుగుతూనే ఉంటారు. లిఫ్ట్ కింద నుంచి నాలుగో అంతస్తుకి వెళ్లేలోపు చెప్పేసే సంగతి కాదు కాబట్టి మొత్తం ఒకసారి రాసేస్తున్నా. స్కూలు పేరు మాత్రం చెప్పను, తిట్టినవీ పొగిడినవీ రెండూ ఉన్నాయి.

ముందు మేం బోల్తా పడ్డ సంగతి. మొదట చేర్పించింది ఈ స్కూలు కాదు. ఇంటి నుంచి నడిచి వెళ్లే దూరం, బోర్డు మీద ఇంతింత అక్షరాలతో మాంటిస్సోరి అని ఉంది, గోడల నిండా కార్టూన్ బొమ్మలు, ఏసీ గది, ఇంకేం కావాలి అనుకున్నాం. మేడమ్ లోపలికి తీసుకెళ్లి అద్దాల బీరువా చూపించారు. పింక్ టవర్ (ఒకదాని మీద ఒకటి పేర్చే గులాబీ రంగు చెక్క ఘనాలు), పూసల దండలు, చెక్క సిలిండర్లు, అన్నీ తళతళలాడుతున్నాయి. అక్కడే నాకు అనుమానం రావాల్సింది. పాతిక మంది పిల్లలు రోజూ ముట్టుకునే వస్తువు అంత కొత్తగా ఎలా ఉంటుందండీ? బీరువాకి తాళం ఉంది. వారానికి రెండుసార్లు "మాంటిస్సోరి పీరియడ్" అట, నలభై నిమిషాలు తీసి చూపించి మళ్లీ లోపల పెట్టేస్తారు, మిగతా రోజంతా వర్క్‌బుక్‌లో ఏబీసీడీలు దిద్దుకోవడమే. మూడో వారంలో పాప ఇంట్లో టెడ్డీ బేర్‌ని కూర్చోబెట్టి, నోటి మీద వేలేసుకుని, "కాళ్లు ఊపకు, దెబ్బలు పడతాయి" అంటుంటే విన్నాను. దానికి అప్పటికి రెండేళ్ల ఎనిమిది నెలలు. ఆరు వారాలు తిరక్కుండానే మానిపించేశాం. ఏడాది ఫీజు ఒకేసారి కడితే డిస్కౌంట్ అంటే కట్టేశాం కదా, అందులో రూపాయి వెనక్కి రాలేదు. "ఫారం వెనకాల రూల్స్ ఉన్నాయి కదండీ" అన్నారు. ఉన్నాయి, చీమ తలకాయంత అక్షరాల్లో.

ఆ కోపంలో కూర్చుని చదివితే తెలిసిందేమిటంటే, మాంటిస్సోరి అనే పేరు ఎవరి సొంతమూ కాదు. నేనూ మా గేటుకి బోర్డు తగిలించుకోవచ్చు. ఇంకో సంగతి నాకు భలే నవ్వొచ్చింది. మరియా మాంటిస్సోరి అనే ఇటలీ డాక్టరమ్మ 1907లో రోమ్‌లో మొదటిది తెరిచింది శాన్ లొరెంజో అనే పేదల పేటలో. అమ్మానాన్నలు పనికి పోతే పిల్లలు ఆ కొత్తగా బాగుచేసిన బిల్డింగుల గోడలూ మెట్లూ పాడుచేస్తున్నారని, వాళ్లని ఒక గదిలో ఉంచి చూసుకోవడానికి పెట్టించిన ఏర్పాటు అది. ఇప్పుడేమో అదే చదువు కోసం మనం అప్పు చేసినంత పని చేస్తున్నాం. ఆవిడ 1939లో అడయారు దివ్యజ్ఞాన సమాజం వాళ్లు పిలిస్తే మద్రాసు వచ్చి, యుద్ధం మూలంగా 1946 దాకా ఇండియాలోనే ఉండిపోయింది, ఇక్కడ బోలెడంత మంది టీచర్లకి స్వయంగా నేర్పింది. అందుకని ఈ చదువు మన దగ్గర నిన్నగాక మొన్న వచ్చిన ఫ్యాషనేం కాదు, సరిగ్గా నేర్చుకున్న టీచర్లూ ఉన్నారు. వెతుక్కోవాలి, అంతే.

రెండోసారి నాలుగు చోట్లకి తిరిగాం, సిరిపురం నుంచి మధురవాడ దాకా. మూడు చోట్ల "క్లాసు జరుగుతున్నప్పుడు పేరెంట్స్‌ని రానివ్వం" అన్నారు, ఆఫీసు గదిలో కూర్చోబెట్టి రంగుల పుస్తకం చేతిలో పెట్టారు. లాసన్స్ బే వైపున్న నాలుగో చోట ఒక ఆంటీ (అక్కడ టీచర్లని పిల్లలు ఆంటీ అనే పిలుస్తారు) ఒక పిల్లల కుర్చీ మూలకి లాగి, "ఒక గంట కూర్చోండి, పిల్లలు పలకరిస్తే తప్ప మాట్లాడొద్దు" అంది. ఆ గంటలో చూసిందే మేం డబ్బు కట్టడానికి కారణం.

గది నిశ్శబ్దంగా లేదు, అలాగని గోలగానూ లేదు, పెళ్లివారి వంటింట్లో నలుగురు ఆడవాళ్లు కూరలు తరుగుతుంటే వచ్చే సందడిలా ఉంది. రెండున్నరేళ్ల వాళ్ల దగ్గర్నుంచి ఆరేళ్ల వాళ్ల దాకా అందరూ ఒకే గదిలో. ఒక బుడ్డోడు చిన్న జగ్గులోంచి ఇంకో జగ్గులోకి రాజ్మా గింజలు పోస్తున్నాడు. సగం కింద పడ్డాయి. ఎవరూ "అయ్యో" అనలేదు, ఎవరూ వచ్చి ఎత్తలేదు. వాడే ట్రే పక్కకి పెట్టి, చూపుడువేలూ బొటనవేలూ కలిపి ఒక్కో గింజ ఏరాడు, కుర్చీ కింద దూరి మరీ ఏరాడు, మళ్లీ మొదట్నుంచి పోశాడు. పదకొండుసార్లు, నేను లెక్కపెట్టాను. ఇంకో పాప చింతపండుతో చిన్న ఇత్తడి గిన్నె తోముతోంది. బీచ్ పక్కనే కదా, ఆ ఉప్పు గాలికి ఇత్తడి నాలుగు రోజులకే నల్లబడుతుంది, తోమడానికి పిల్లలకి ఎప్పుడూ పని ఉంటుందని ఆంటీ తర్వాత నవ్వుతూ చెప్పింది. పింక్ టవర్ ఇక్కడా ఉంది, పది ఘనాలు, సెంటీమీటరు నుంచి పది సెంటీమీటర్ల దాకా, అంచుల్లో రంగు పోయి చెక్క కనిపిస్తోంది. అది చూడగానే నాకు ధైర్యం వచ్చింది. అరలు పిల్లల నడుం ఎత్తులో ఉన్నాయి, తాళాలు లేవు. ఒక్కో వస్తువు గదంతటికీ ఒక్కటే. ఒకడు వాడుతుంటే ఇంకొకడు ఆగాల్సిందే, డబ్బుల్లేక కాదు, కావాలనే అలా పెడతారట.

చేరాక మొదటి నెల ఏడుపు మామూలే. అసలు గొడవ మా ఇంట్లో వచ్చింది. మా అత్తయ్యగారు ఒకరోజు పాపని తీసుకురావడానికి వెళ్లి, అది చిన్న కుర్చీ మీద నిలబడి కప్పు కడుగుతుంటే చూసి వచ్చి, "ఏటమ్మా, ఇన్నేసి డబ్బులు కట్టి గుంటచేత గిన్నెలు తోమిస్తన్నారా? ఇంట్లో తోమితే నేను ఊరికినే నేర్పుదును గదా" అన్నారు. మా ఆయన పడీ పడీ నవ్వారు. నాకేమో లోపల గుబులు, ఎందుకంటే ఆవిడ అన్నదానికి నా దగ్గర జవాబు లేదు.

జవాబు కొన్ని నెలల తర్వాత దొరికింది. ఆదివారం పొద్దున్న పాప గాజు గ్లాసు జారవిడిచింది. నేను అలవాటుగా కేకేశాను. అది బెదరలేదు, "అమ్మా, నువ్వు అక్కడే ఉండు, కాళ్లకి గుచ్చుకుంటుంది" అని చెప్పి, చెప్పులేసుకుని, చేట తెచ్చి నా చేతికిచ్చి, "పెద్ద ముక్కలు పెద్దవాళ్లు తీయాలి, తడి గుడ్డ నేను తెస్తా" అంది. మూడున్నరేళ్లకి. స్కూల్లో గాజు గ్లాసులే వాడతారు. పగిలితే ఏం చేయాలో కూడా ఒక పాఠంలాగే చూపిస్తారు.

ఇక టెన్షన్ సంగతి. అది రెండో ఏడు, ఎం2 అంటారు. ఎదురు ఫ్లాట్‌లో మా పాప వయసు పిల్లాడే, మామూలు కాన్వెంట్, వంద దాకా అంకెలు రాస్తాడు, రైమ్స్ గడగడా చెప్తాడు. మా దాని చేతికి అప్పటికి పెన్సిల్ సరిగ్గా రాలేదు. బంధువుల ఇంట్లో ఎవరో "ఏబీసీడీ చెప్పమ్మా" అంటే ఇది చాలా సీరియస్‌గా "అ, బ్, క్, డ్" అంది. అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అక్కడ అక్షరం పేరు కాదు, ముందు దాని శబ్దం నేర్పుతారు, గరుకు కాయితంతో చేసిన అక్షరాన్ని రెండు వేళ్లతో తడుముతూ. కళ్లు మూసుకుని కూడా చెప్పేది. అత్తయ్యగారికి ఆ అక్షరాలు చూపిస్తే మాత్రం ఆవిడ ముఖం వెలిగింది, "ఇది మన బియ్యప్పళ్లెమే గదా" అన్నారు. అక్షరాభ్యాసం రోజు పళ్లెంలో బియ్యం పోసి వేలితో ఓనమాలు దిద్దిస్తాం కదా, ఆవిడ చిన్నప్పుడు బళ్లో ఇసుక మీద దిద్దించేవారట. ఆ రోజు నుంచి స్కూలు మీద ఆవిడ విమర్శ సగానికి సగం తగ్గింది.

కానీ మా ఆయన "ఇక చాలు, యూకేజీకి మార్చేద్దాం" అని పట్టుపట్టారు. ఫారం కూడా తెచ్చారు. నేను వెళ్లి ఆంటీని నిలదీస్తే ఆవిడ ఒక్కటే అంది, ఇది మూడేళ్ల అన్నం, రెండేళ్లకి దించేస్తే పలుకు మీద ఉంటుంది అని. వ్యాపారం మాటేమో అనుకున్నా ఆ రోజు. ఉంచేశాం, సగం నమ్మకంతో సగం బద్ధకంతో.

మూడో ఏడు నిజంగానే వేరు. దసరా సెలవులకి ముందు చెక్క అక్షరాలతో చాప మీద మాటలు పేర్చడం మొదలుపెట్టింది, సంక్రాంతికి ఇంట్లో బిస్కెట్ ప్యాకెట్ మీదవి చదువుతోంది, ఎవరూ చదవమని కూర్చోబెట్టలేదు. లెక్కలు ఇంకా విడ్డూరం. బంగారు రంగు పూసలుంటాయి: ఒకటికి ఒక పూస, పదికి ఒక కడ్డీ, వందకి ఒక పలక, వెయ్యికి ఒక ఘనం. వెయ్యి అనేది వీళ్లకి కాయితం మీద మూడు సున్నాలు కాదు, రెండు చేతులతో ఎత్తే బరువు. ఒకరోజు రైతుబజార్‌లో నేను ఐదొందల నోటు ఇస్తుంటే "ఇది సగం ఘనం" అంది, ఉల్లిపాయలామెకి ఏమీ అర్థం కాలేదు, నాకు మాత్రం కళ్లనిండా నీళ్లొచ్చాయి, ఉల్లిపాయల వల్ల కాదు. చిన్నపిల్లలకి జగ్గు ఎలా పట్టుకోవాలో చూపించేది కూడా ఇదే ఇప్పుడు, ఆ పెద్దరికం కోసమే అన్ని వయసుల వాళ్లనీ ఒక గదిలో పెడతారనిపించింది. కాబట్టి మధ్యలో మార్చే ఉద్దేశం ముందే ఉంటే అసలు చేర్చకండి, మామూలు ప్లేస్కూలుకి పంపి ఆ డబ్బు మిగుల్చుకోండి.

బాగోలేనివి కూడా చాలానే. తెలుగు దాదాపు సున్నా. గరుకు అక్షరాలన్నీ ఇంగ్లీషువే, తెలుగువి ఒక పెట్టెలో ఉన్నాయని చెప్పారు, మూడేళ్లలో ఆ పెట్టె తెరవగా నేను చూడలేదు. గుణింతాలు మొత్తం అత్తయ్యగారి పుణ్యమే. పరిగెత్తి ఆడుకోవడానికి చోటు లేదు, మేడ మీద షెడ్డు, రెండు ట్రైసైకిళ్లు. పన్నెండున్నరకి వదిలేస్తారు, తర్వాత డేకేర్‌కి వేరే డబ్బు, ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్లు ఇది లెక్కలో వేసుకోవాలి. మాకు మొదటి ఏడు 78,000 అయింది, మూడో ఏటికి లక్ష దాటింది. హోంవర్కు లేదు, మార్కులు లేవు, "ఏం చేసింది ఇవాళ?" అంటే "బాగా పని చేసుకుంది" అంటారు, అంతకు మించి పలకరు, నాలాంటి ఆరాటం మనిషికి అది నరకం. రెండో ఏడు మధ్యలో ట్రైనింగ్ ఉన్న ఆంటీ ఒకావిడ మానేసింది, మూడు నెలలు ఎవరో అమ్మాయిని పెట్టి నడిపించారు, ఆ మూడు నెలలూ పాప రోజూ పింక్ టవరే కట్టి వచ్చేసేది. గట్టిగా అడిగాకే కదిలారు. అందుకే చేర్చేముందు "గదిలో ఉండే ఆంటీ ఎక్కడ నేర్చుకున్నారు, ఎంతకాలం కోర్సు" అని మొహమాటం లేకుండా అడగండి. మరియా మాంటిస్సోరి 1929లో పెట్టిన ఏఎమ్ఐ (అసోసియేషన్ మాంటిస్సోరి ఇంటర్నేషనల్) అనే సంస్థ డిప్లొమా ఉన్నవాళ్లకీ, వారాంతం వర్క్‌షాప్ సర్టిఫికెట్ వాళ్లకీ తేడా పిల్లల దగ్గర కూర్చుంటేనే తెలిసిపోతుంది. ప్రిన్సిపాల్‌కి డిప్లొమా ఉంటే సరిపోదు, ఆవిడ ఆఫీసులో ఉంటుంది.

ఒకటో క్లాసుకి మారేటప్పుడు ఒక స్కూల్లో పాపకి పరీక్ష పెట్టారు, 2009 విద్యాహక్కు చట్టం అలా పెట్టకూడదంటుంది, వాళ్లు దానికి "ఇంటరాక్షన్" అని పేరు పెట్టుకున్నారు. అక్కడ చేర్చలేదు. ఇప్పుడున్న చోట మొదటి వారమే డైరీలో ఎర్ర ఇంకుతో రాసి పంపారు: పర్మిషన్ అడక్కుండా లేచి వెళ్లి నీళ్లు తాగుతోంది అని. దాహం వేస్తే ఎవరినైనా ఎందుకు అడగాలో దానికి అర్థం కాలేదు, ఎలా చెప్పాలో నాకూ అర్థం కాలేదు. అలవాటు పడటానికి రెండు నెలలు పట్టింది. రాత కొంచెం నెమ్మది, లెక్కలు మాత్రం టీచరే ఆశ్చర్యపోతోంది.

ఇంటికోసం ఆన్‌లైన్‌లో మాంటిస్సోరి కిట్లు కొనకండి, మేం నాలుగు వేలు తగలేశాం, మన తేమకి చెక్క ఉబ్బి సిలిండర్లు గుంటల్లోంచి ఊడిరాలేదు. సింకు దగ్గర ఒక పీట, దానికి అందే ఎత్తులో బట్టలకి రెండు కొక్కేలు, ఒక చిన్న జగ్గు చాలు. బొమ్మలు కావాలంటే ఏటికొప్పాక లక్క బొమ్మలు తెచ్చుకోండి, అంకుడు కర్రతో చేసినవి, గింజలూ బెరళ్ల నుంచి తీసిన రంగులు, పిల్లలు నోట్లో పెట్టుకున్నా గుండె దడ ఉండదు. మాంటిస్సోరి సామాను కాదు అది, ఊరికే మంచి బొమ్మ.

వచ్చే జూన్‌కి మా బాబుకి రెండున్నర నిండుతుంది. లాసన్స్ బే స్కూల్లోనే ఫారం తెచ్చిపెట్టుకున్నాను, ఆ తెలుగు అక్షరాల పెట్టె ఎప్పుడు తెరుస్తారో రాసిమ్మని అడిగాను. డిస్కౌంట్ ఎంతిస్తామన్నా ఫీజు మాత్రం టర్ముకి టర్మే కడతాను.