థీమ్ పార్కుల రద్దీలో ప్రశాంతంగా కూర్చునే చోట్లు: ఏళ్ల తరబడి వెతికాక నా సమీక్ష

ముందే చెప్పేస్తున్నా, ఇందులో రైడ్ల గురించి పెద్దగా ఏమీ ఉండదు. మా పాపకి పెద్ద శబ్దాలు అస్సలు పడవు, మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, నాకేమో ఎండలో జనం మధ్య కాసేపు తిరిగితే తల దిమ్మెక్కిపోతుంది. అయినా ముగ్గురికీ పార్కులంటే ప్రాణం. అందుకే చాలా ఏళ్లుగా ఏ పార్కుకి వెళ్లినా గేటు దాటగానే మేం వెతికేది ఊపిరి తీసుకోవడానికి ఒక చోటు. ఇన్నేళ్ల తర్వాత నా అభిప్రాయం ఒక్కటే: జనం లేని చోటు కోసం తిరగడం దండగ, స్పీకర్ లేని చోటు వెతుక్కోండి. పక్కనుంచి వందమంది నడిచి వెళ్తున్నా మనిషి హాయిగా కూర్చోగలడు. నెత్తిన పాట మోగుతుంటే మాత్రం ఎంత ఖాళీగా ఉన్న బెంచీ అయినా పది నిమిషాల్లో లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది.

పెద్ద పార్కుల్లో ఈ స్పీకర్లు కనబడవు. లైటు స్తంభాల మీద, నకిలీ బండరాళ్లలో, మొక్కల మధ్య ఆకుపచ్చ పుట్టగొడుగుల్లాంటి డబ్బాల్లో దాచిపెడతారు. చెట్టు నీడ, శుభ్రమైన బెంచీ, ఎదురుగా పూలు, అన్నీ చూసి సంబరపడి కూర్చుంటాం, తీరా చూస్తే కాళ్ల దగ్గరున్న రాయిలోంచే పాట వస్తుంటుంది. ఇంకా ఘోరం ఏంటంటే రెండు జోన్లు కలిసే చోటు, ఒక వైపునుంచి ఒక పాట, ఇంకో వైపునుంచి ఇంకోటి, రెండూ కలిసి గోల. మ్యాప్‌లో అలాంటి చోట్లు ఖాళీగా, అందంగా కనిపిస్తాయి, నమ్మకండి. మేం చేసేది ఇది: కూర్చునే ముందు అక్కడే నిలబడి ఒక నిమిషం కళ్లు మూసుకుని వింటాం. మా పాప చెవుల మీదనుంచి చేతులు తీసేసి, నేలమీద చీమల్ని చూడటం మొదలుపెడితే ఆ చోటు పాసైనట్టే.

దూరం గురించి కూడా కొంచెం తెలుసుకుంటే మంచిది. ఆరుబయట స్పీకర్‌కి ఉన్న దూరం రెట్టింపు అయితే శబ్దం సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది, అంటే తేడా తెలుస్తుంది కానీ సగానికి తగ్గినట్టు మాత్రం అనిపించదు. పొదల వరస అడ్డముంటే చాలనుకుంటారు చాలామంది, పొదలు కంటికే అడ్డం. శబ్దాన్ని ఆపాలంటే గోడో బిల్డింగో కావాలి, అందుకే నేను థియేటర్ల వెనక పక్క, పెద్ద షెడ్ల నీడ వైపు వెతుకుతాను. నీళ్ల చప్పుడు కూడా బాగా పనికొస్తుంది, చిన్న ఫౌంటెన్ పక్కన కూర్చుంటే దూరంగా రోలర్ కోస్టర్‌లో జనం పెట్టే కేకలు చాలావరకు అందులో కలిసిపోతాయి.

ఇక ఎక్కడ వెతకాలి అంటే, పార్కు ప్లాన్ చూడండి. 1955లో మొదలైన డిస్నీల్యాండ్‌లో మధ్యలో ఒక కూడలి, అక్కడినుంచి అన్ని వైపులకీ దారులు. ఆ తర్వాత చాలా పార్కులు ఇదే పద్ధతి పట్టుకున్నాయి. అందరూ మధ్యకి వచ్చి మళ్లీ బయటికి పోతారు కాబట్టి కూడలిలో కూర్చోవడం శుద్ధ దండగ, కానీ ఒక దారి నుంచి ఇంకో దారికి అడ్డంగా కలిపే సన్న బాటలు ఉంటాయి చూడండి, అవి చాలాసార్లు ఖాళీగానే ఉంటాయి. డిస్నీల్యాండ్‌లోనే కోట పక్కన స్నో వైట్ గ్రోటో అని ఒక మూల ఉంది, చిన్న జలపాతం, బొమ్మలు, ఒక బావి. కోట ముందు ఫొటోల కోసం తోసుకునే జనంలో చాలామంది అటు తొంగి కూడా చూడరు.

ఒక హెచ్చరిక. పాత లిస్టులు పట్టుకుని వెళ్లకండి. అమెరికాలో ఫ్లోరిడాలో ఉన్న డిస్నీ పార్కు మ్యాజిక్ కింగ్‌డమ్‌లో టామ్ సాయర్ దీవి ఏళ్ల తరబడి ప్రశాంతమైన చోట్ల లిస్టుల్లో ఉండేది, తెప్ప ఎక్కితే గానీ చేరలేం కాబట్టి జనం పల్చగా ఉండేవాళ్లు. 2025 జులైలో దాన్ని, చుట్టూ ఉన్న నదితో సహా, శాశ్వతంగా మూసేశారు, కార్స్ సినిమాల థీమ్‌తో కొత్త రైడ్లు కట్టడానికి. నాకు ఇది నిజంగా బాధగా ఉంది. పార్కు వాళ్ల లెక్కలో ఖాళీ స్థలం అంటే ఇంకా ఏమీ కట్టని స్థలం, మా లాంటి కుటుంబాలకి మాత్రం రోజంతా అక్కడ ఉండగలిగేది ఆ స్థలం వల్లే.

బెంచీలు దొరక్కపోతే మా అత్తగారి పద్ధతి బాగా పనిచేస్తుంది: నెమ్మదిగా నడిచేవి, కూర్చుని చూసేవి ఎక్కడం. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో కారసెల్ ఆఫ్ ప్రోగ్రెస్ షో ఇరవై నిమిషాల పైనే ఉంటుంది, ఏసీలో సీట్లో కూర్చుంటే థియేటరే తిరుగుతుంది. అక్కడే పీపుల్‌మూవర్ అని చిన్న రైలు లాంటిది కూడా ఉంది, పది నిమిషాల పాటు పైనుంచి గాలికి మెల్లగా తిప్పి తీసుకొస్తుంది, క్యూ కూడా మామూలుగా త్వరగా కదులుతుంది. నిశ్శబ్దం ఉండదు, కానీ కాళ్లకి విశ్రాంతి, ఎండ ఉండదు, తోపులాట ఉండదు. త్రీడీ షోలు, స్టంట్ షోలు మాత్రం ఈ లెక్కలో వేయకండి. లోపల చీకట్లో ఒక్కసారిగా పేలుళ్లు వినిపిస్తే శబ్దాలంటే భయపడే పిల్లలు మళ్లీ ఏ థియేటర్‌లోకీ రారు. షో మొదలయ్యే ముందు తలుపు దగ్గర స్టాఫ్‌ని అడిగితే శబ్దాలు, పొగ, మెరుపు లైట్లు ఉన్నాయా అని చెప్తారు.

క్వయిట్ రూములు, అంటే శబ్దాలకీ రద్దీకీ తట్టుకోలేనివాళ్లు కాసేపు తేరుకోవడానికి పార్కుల్లో పెట్టే గదులు. ఇవి ఈమధ్య బాగా పెరిగాయి. 2018లో అమెరికాలోని సెసమీ ప్లేస్‌కి ప్రపంచంలోనే మొదటి సర్టిఫైడ్ ఆటిజం సెంటర్ (ఆటిజం ఉన్నవాళ్లతో ఎలా మెలగాలో స్టాఫ్‌కి శిక్షణ ఇచ్చిన చోటు) థీమ్ పార్కుగా గుర్తింపు వచ్చింది, ఆ తర్వాత ఇంకా చాలా పార్కులు అదే బాట పట్టాయి. అలాంటి పార్కుల్లో ఒక్కో రైడ్‌కి శబ్దం ఎంత, వెలుతురు ఎంత, ఒంటికి తగిలే కుదుపు ఎంత అని అంకెలు వేసిన గైడ్ దొరుకుతుంది, వెళ్లే ముందే చదువుకోండి, అది బంగారం. మాకు ఎదురైన మంచి గదిలో మసక లైటు, మెత్తటి కుర్చీలు, తలుపు వేస్తే బయటి పాట వినబడలేదు, పాప అరగంటలో తేరుకుని తనే బయటికి వెళ్దాం అంది. ఇంకో పార్కులో మాత్రం మ్యాప్‌లో గుర్తు ఉంది, గదికి తాళం ఉంది, తాళం ఎవరి దగ్గరుందో ముగ్గురు స్టాఫ్‌ని అడిగినా తెలియలేదు, అప్పటికి పాప ఏడుపు తారస్థాయికి చేరిపోయింది. అందుకే ఇప్పుడు పొద్దున్న గేటు దగ్గరున్న గెస్ట్ సర్వీసెస్‌లోనే అడుగుతాం, గది తెరిచి ఉందా, మధ్యాహ్నం కూడా ఉంటుందా అని. గది లేకపోతే పసిపిల్లల కోసం పెట్టిన బేబీ కేర్ సెంటర్ అడగండి, పెద్ద పార్కుల్లో అది చల్లగా, శబ్దం లేకుండా ఉంటుంది, కానీ అది చంటిపిల్లల తల్లుల చోటు, పెద్ద పిల్లల్ని తీసుకెళ్తే ముందు అనుమతి తీసుకోవాలి.

చెవులకి పెట్టుకునేవాటి సంగతి. నాయిస్ క్యాన్సిలింగ్ హెడ్‌ఫోన్స్ ఏసీ మోత, ఇంజిన్ మోత లాంటి ఆగకుండా వచ్చే శబ్దాలకి బాగా పనిచేస్తాయి, హఠాత్తుగా వచ్చే కేకలకీ టపాసులకీ అంతగా కాదు. వాటికి మామూలు ఇయర్‌మఫ్సే మేలు, చార్జింగ్ గోల కూడా లేదు. లోపాలున్నాయి: ఎండలో చెమట పడుతుంది, కళ్లజోడు పెట్టుకునేవాళ్లకి దాని కాడ దగ్గర సందు మిగిలి శబ్దం లోపలికి వస్తుంది, రైడ్ ఎక్కేటప్పుడు తీసేయమంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దం వారానికి 40 గంటల వరకు ఫరవాలేదు, 90 అయితే 4 గంటలే. పెద్ద స్పీకర్ల పక్కన నిలబడి పరేడ్ మొత్తం చూసేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకుంటే మంచిది.

టైమింగ్ మీద నాది గట్టి అభిప్రాయం. అలసిపోయాక చోటు వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోయినట్టే, ఎందుకంటే అప్పటికి అందరూ అదే పనిలో ఉంటారు. మధ్యాహ్నం ఎండ బాగా ముదిరాక నీడలో ఒక్క బెంచీ దొరకదు. మేం అంతకంటే చాలా ముందే, ఇంకా అందరం హుషారుగా ఉన్నప్పుడే ఒకసారి కూర్చుంటాం. పాపకి కూర్చోవడం శిక్షలా అనిపించకూడదని బొమ్మలు గీసుకునే పుస్తకం ఆ బెంచీ మీదే తీస్తాం, వేరే ఎక్కడా తీయం. ఇంకోటి పరేడ్ టైమ్. జనమంతా ఆ రోడ్డు వైపు వెళ్లిపోతారు, అవతలి వైపు పార్కు సగం ఖాళీ అయిపోతుంది. కాకపోతే పరేడ్ మొదలయ్యాక రోడ్డు దాటనివ్వరు, కాబట్టి ముందే అటు చేరిపోవాలి, లేకపోతే డప్పుల మధ్య ఇరుక్కుపోతారు.

రేటింగ్ అడిగితే, బిల్డింగ్ వెనక బెంచీలకి ఐదుకి ఐదు, నెమ్మది రైడ్లకి నాలుగు, క్వయిట్ రూములకి తాళం తీసి ఉంటే ఐదు, లేకపోతే సున్నా. పార్కుల ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో ప్రతిసారీ నేను రాసేది కూడా ఒకటే: టాయిలెట్లకి గుర్తు పెట్టినట్టే పాట వినబడని బెంచీలకి కూడా మ్యాప్‌లో గుర్తు పెట్టండి, వాటి దగ్గర ఒక్క స్పీకర్ ఆపేయండి. మీరూ రాయండి, ఎక్కువమంది అడిగితేనే వాళ్లు పట్టించుకుంటారు.