పాత ఇంటి కలప: ఇల్లు విప్పేవాళ్ళకి వదిలేయాలా, కోయించి వాడుకోవాలా, ఏది మేలు?

మా తాతయ్య కట్టిన పెంకుటిల్లు పోయినేడు విప్పాం, అప్పుడు ఈ ప్రశ్న మా ఇంట్లో వారం రోజులు నలిగింది. ఇల్లు విప్పే మేస్త్రీ "కూలి ఏం ఇవ్వొద్దండి, కలపా పెంకులూ మేం పట్టుకెళ్ళిపోతాం" అన్నాడు, మా బాబాయి సరే అనేయబోయారు కూడా. నేను ఆగమని టేపు పెట్టి కొలిచా.

ఒక్కో టేకు దూలం 12 అడుగుల పొడవు, 8 అంగుళాలు బై 6 అంగుళాలు, అంటే 4 సీఎఫ్‌టీ (ఘనపుటడుగులు). అలాంటివి ఐదున్నాయి. దూలాన్ని నిలువునా కోస్తే 5 బై 3 బద్దలు రెండొస్తాయి, 7 అడుగుల ఎత్తు మూడున్నర వెడల్పు గుమ్మానికి మొత్తం 21 అడుగులు చాలు, అంటే ఒక దూలం ఒక గుమ్మం అన్నమాట, చివర్లు కొంచెం పాడైనా సరిపోతుంది. అడితిలో కొత్త టేకు రేటు కనుక్కున్నాక బాబాయి ఇంక మాట్లాడలేదు.

ఇంకో లాభం, ఈ చెక్క ఏళ్ళ తరబడి ఆరింది, మొత్తం చేవే. పచ్చి చెక్కతో తలుపు చేయిస్తే ఏడాది తిరిగేసరికి అతుకులు విడిపోతాయి, వంకర పోతుంది.

అలాగని తేలిక పనేం కాదు. మేకులు ఒక్కటి ఉన్నా కోత మిల్లులో రంపం పళ్ళు పోతాయి, అందుకే మిల్లువాళ్ళు ముందే వద్దంటారు, మేం అయస్కాంతం రాస్తూ రెండు రోజులు పీకాం. గోడలో ఉన్న చివరలు సుత్తితో కొట్టి చూడాలి, బోలుగా మోగితే చెదలు తిన్నట్టే, అంతవరకు కోసేయడమే. పాత రంగు మాత్రం పొడిగా గీకొద్దు, ఇంటి పెయింట్లలో సీసం (లెడ్ అనే విషలోహం) 90 పీపీఎం, అంటే పది లక్షల్లో 90 వంతులు, దాటకూడదన్న రూలు 2017 నవంబర్ నుంచే వచ్చింది, అంతకుముందు వేసినవాటిలో ఎంతుందో చూసి చెప్పలేం. తడిపి గీకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి, ఆ పొట్టు ఊడ్చి మూటగట్టేయండి.

తాటి వాసాలు తలుపులకి పనికిరావు, అంతా నారే, చిత్రిక సరిగ్గా పట్టదు. గట్టిగా ఉన్నవి పశువుల పాకకి ఎక్కించాం. అవే గనక మేస్త్రీ అడిగుంటే సంతోషంగా ఇచ్చేసేవాళ్ళం.

కాబట్టి నా మాట, టేకు ఉంటే కొలవకుండా గుత్తగా ఇవ్వకండి, కొత్త ఇల్లు కడుతుంటే కోయించుకోండి, కట్టకపోతే సీఎఫ్‌టీ లెక్కన పాత కలప కొట్టుకి అమ్మండి. నాసిరకం చెక్కయితే మేస్త్రీకి వదిలేయడమే నయం, మిల్లు ఖర్చు కూడా రాదు.

ప్లైవుడ్, ఎండీఎఫ్ సంగతి వేరు. మా అక్కావాళ్ళు కిచెన్ మార్చినప్పుడు వచ్చిన ముక్కలన్నీ నీళ్ళ పొయ్యిలోకి అని పక్కన పెట్టారు, నేను పోట్లాడి ఆపించా. అవి చెక్క పొరల్నో, చెక్క పొడినో జిగురుతో అతికించి చేసినవి, చాలావాటి జిగురులో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, దాన్ని క్యాన్సర్ తెచ్చేదని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) 2004లోనే తేల్చింది. కాలిస్తే వచ్చే పొగ ఇంట్లోవాళ్ళే పీల్చాలి కదా. పెద్ద ముక్కలు అటక మీద అరలకి వాడారు, తడికి ఉబ్బిపోయినవి మాత్రం మున్సిపాలిటీ వాళ్ళు చెప్పిన చోట వేశారు.