అనంతపురం ఎండలో సిగార్: చెక్క పెట్టె దండగ, బోవేడా 65 చాలు

సాయంత్రం మిద్దె మీద ఒక సిగార్, పక్కన గ్లాసులో స్కాచ్. అనంతపురంలో ఈ జత చెడేది ఎక్కువగా సిగార్ దగ్గరే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే ఊరు. ఎండాకాలం బీరువాలో ఊరికే పెట్టిన సిగార్ కొన్నాళ్లకే కరకరలాడుతుంది. రెండు వేళ్లతో మెల్లగా నొక్కితే అణిగి మళ్లీ పైకి రావాలి. చప్పుడైతే ఎండిందని లెక్క. అది గబగబా కాలుతుంది, పొగ వేడెక్కి చేదెక్కుతుంది, పైఆకు పగులుతుంది. ఆ చేదు మీద ఎంత ఖరీదైన స్కాచ్ పోసినా వృథానే.

దీనికి విరుగుడు బోవేడా 65, 60 గ్రాముల ప్యాకెట్. లోపల ఉప్పు ద్రావణం, చుట్టూ ఆవిరిని మాత్రమే పోనిచ్చే పొర. డబ్బాలో తేమ 65 శాతం కన్నా తగ్గితే వదులుతుంది, పెరిగితే పీల్చుకుంటుంది. స్పాంజి తడిపే పని లేదు. 25 సిగార్లకు ఒకటి లెక్క.

అయితే దాన్ని ఎందులో పెడుతున్నారన్నదే అసలు సంగతి. చవక చెక్క హ్యూమిడార్ల (సిగార్లు తేమ పోకుండా దాచే పెట్టెల) మూత సరిగా బిగుసుకోదు. కొత్త చెక్క ఎండి ఉంటుంది గనక ముందు 84 శాతం ప్యాకెట్లు పెట్టి 14 రోజులు ఖాళీగా మూసి ఉంచాలి. ఇంత చేసినా మే నెలలో మూత సందుల్లోంచి తేమ పోతూనే ఉంటుంది, ప్యాకెట్ తొందరగా అయిపోతుంది. వంటింట్లో పప్పులు పోసుకునే డబ్బా, నాలుగు పక్కలా క్లిప్పులూ మూత లోపల రబ్బరు అంచూ ఉన్నది, దీనికన్నా వెయ్యి రెట్లు నయం. కొత్తదే తీసుకోండి. ఊరగాయో ఇంగువో పెట్టిన డబ్బా అయితే పొగాకు ఆ వాసనంతా పట్టేసుకుంటుంది. ప్యాకెట్ చేతికి మెత్తగా తగిలినంత కాలం పని చేస్తున్నట్టే, మూలల దాకా గట్టిపడితే మార్చాలి. 69 శాతం ప్యాకెట్ తేమ కారే చెక్క పెట్టెల కోసం. గాలి చొరని డబ్బాలో అది పెడితే సిగార్ ఉబ్బిపోయి, లాగితే పొగ రాక, మాటిమాటికీ ఆరిపోతుంది.

తేమ చూపే చిన్న డిజిటల్ మీటర్‌ను కొన్న రోజే నమ్మొద్దు. సీసా మూతలో చెంచా ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే నీటి చుక్కలు కలిపి, మీటర్‌తో పాటు జిప్ కవర్‌లో రాత్రంతా మూసి ఉంచండి. 75 చూపాలి. 72 చూపిస్తే ఇకపై ఎప్పుడు చూసినా మూడు కలుపుకోవాలి.

ప్యాకెట్ వల్ల కానిది వేడిని ఆపడం. 25 డిగ్రీలు దాటిన చోట ఎక్కువ రోజులుంటే పొగాకు పురుగు గుడ్లు పొదుగుతాయి. సూదితో పొడిచినట్టు గుండ్రటి రంధ్రాలు, డబ్బా అడుగున సన్నటి పొడి కనిపిస్తే అదే. డబ్బాను ఇంట్లో అన్నిటికన్నా చల్లటి గదిలో కింది అరలో పెట్టండి. మన మిద్దెల కప్పు వేడికి అటక అసలు పనికిరాదు. అనుమానముంటే సిగార్లను జిప్ కవర్‌లో మూసి ఫ్రీజర్‌లో మూడు రోజులు, తర్వాత కింద ఫ్రిజ్‌లో ఒక రోజు, ఆ తర్వాతే బయటికి. నేరుగా తీస్తే పైఆకు చిట్లుతుంది.

కాల్చేటప్పుడు నోట్లో పెట్టుకునే కొసను మూసిన ఆకు టోపీని 2 మిల్లీమీటర్లకు మించి కోయొద్దు, ఆకు చుట్టు విడిపోతుంది. నిమిషానికి ఒక దమ్ము చాలు. రోబస్టో అనే 5 అంగుళాల లావు సిగార్ అలా ముప్పావుగంట పైనే వస్తుంది. ఆషాఢం గాలికి మాత్రం ఒక పక్కే కాలిపోతూ పోతుంది (రామగిరి మీద గాలిమరలు ఊరికే పెట్టారా?), పిట్టగోడ చాటుకు జరగండి. పొగ మింగొద్దు. ఖాళీ కడుపుతో కాలిస్తే కళ్లు తిరుగుతాయి. పొగాకూ మందూ కలిస్తే నోటి క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది కాబట్టి దీన్ని రోజువారీ అలవాటు చేసుకోవద్దు.

స్కాచ్ సంగతి చిన్నదే. లేత రంగు ఆకు సిగార్‌కు గ్లెన్‌ఫిడిక్ 12, ముదురు ఆకు ఘాటు సిగార్‌కు టాలిస్కర్ 10. తేలిక సిగార్ పక్కన టాలిస్కర్ పెడితే దాని పొగ వాసనే మిగులుతుంది. టాలిస్కర్‌లో ఆల్కహాల్ 45.8 శాతం; 60 మి.లీ.లో 9 మి.లీ. నీళ్లు, అంటే రెండు టీస్పూన్లకు కాస్త తక్కువ, కలిపితే 40కి దిగుతుంది. ఎండాకాలం రాత్రుళ్లు ఆ ఘాటు ముక్కుకు కొట్టకుండా ఉండటానికి ఇది చాలు. నంజుకోవడానికి వేయించిన బుడ్డలు (వేరుశనగలు) బాగుంటాయి. ఉగ్గాని పక్కన వచ్చే మిరపకాయ బజ్జీ వద్దు, ఆ కారం మీద ఆల్కహాల్ పడితే నోరు మండడం తప్ప రుచేమీ తెలియదు. ఐసు వేసుకునేవాళ్లు బోరు నీళ్లతో గడ్డ కట్టించొద్దు, కరిగేకొద్దీ ఉప్పదనం గ్లాసులోకి దిగుతుంది. ఆర్‌వో నీళ్లను చిన్న స్టీలు గిన్నెలో గడ్డ కట్టించి ఒకటే పెద్ద ముక్క వేసుకోండి, మెల్లగా కరుగుతుంది.