ఏఏ మీటింగులు: ఏ గ్రూపు మనకు సరిపోతుంది?

తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని ఒకరికొకరు తమ కథ చెప్పుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) మీటింగులకు హైదరాబాద్, సికింద్రాబాద్‌లలో కొన్నేళ్లుగా వెళ్తున్నాను. తాగుడు మానేశాను, మానేశాక కూడా వెళ్తూనే ఉన్నాను. "ఏఏ పనిచేస్తుందా?" అని ఎవరైనా అడిగితే "ఏ గ్రూపు?" అని తిరిగి అడుగుతాను. ఒక్క మీటింగుకి వెళ్లొచ్చి, "అదంతా భజనండీ, మనకు పడదు" అని తేల్చేసినవాళ్లు నాకు చాలామంది తెలుసు. వాళ్లు చూసింది ఒక గ్రూపుని. అంతే.

1935లో అమెరికాలోని ఏక్రన్‌లో బిల్ విల్సన్ అనే షేర్ల వ్యాపారి, బాబ్ స్మిత్ అనే డాక్టరు ఒకరికొకరు తోడుగా నిలబడి మందు మానడంతో ఇది మొదలైంది. తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్ల గురించి చాలామంది వినే ఉంటారు. గ్రూపుల నడకకు పన్నెండు సంప్రదాయాలు కూడా ఉన్నాయి. వాటి ప్రకారం ప్రతి గ్రూపూ తన వ్యవహారం తనే చూసుకుంటుంది, పైనుంచి హుకుం జారీచేసే హెడ్డాఫీసు లేదు. అందుకే ఒకచోట పుస్తకం చదివి చర్చిస్తారు, ఇంకోచోట ఒక్కరే ముప్పావుగంట మాట్లాడతారు, మరోచోట తలా అయిదు నిమిషాలు.

ఫీజు లేదు. సంచీ తిప్పుతారు, తోచింది వేయొచ్చు, వేయకపోయినా ఎవరూ ఏమీ అనరు. బయటివాళ్ల విరాళాలు తీసుకోరు. చేరడానికి ఒకటే అర్హత: మానాలన్న కోరిక. నాకు బాగా నచ్చింది ఏమిటంటే ఇంటిపేరు అడగరు. కొత్తవాడు కనిపిస్తే "ఏ ఊరు, ఎవరి తాలూకు?" అని ఆరా తీయకుండా ఉండలేని మన మధ్య ఇది చిన్న విషయం కాదు.

గ్రూపుని ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది భాష. ఇంగ్లీషు మీటింగులో నేను ఇంటర్వ్యూకి వెళ్లినట్టు మాట్లాడేవాణ్ణి. జీతం పడిన రోజు పర్మిట్ రూమ్‌లో ఏం చేశానో, ఇంటికొచ్చి పిల్లల ముందు ఏమన్నానో తెలుగులో చెప్పినప్పుడే గొంతు వణికింది. తర్వాతది సమయం. నాకు మందు మీదకి మనసు పోయేది సాయంత్రం ఏడు దాటాక. ఆదివారం పొద్దున జరిగే మీటింగు ఎంత బాగున్నా నా ఏడు గంటల సమస్యకి అది పనికిరాలేదు. చీకటిపడే వేళ జరిగేది, ఇంటికో ఆఫీసుకో దగ్గరలో ఉండేది వెతుక్కోండి. నగరం అటు చివర ఉంటే, వాన పడిన మొదటి రోజే వెళ్లడం మానేస్తారు.

మూడోది, మీటింగు అయ్యాక ఏం జరుగుతుందో చూడండి. తలుపు తాళం వేసి ఎవరి దారిన వాళ్లు పోయే గ్రూపులున్నాయి. టీ బండి దగ్గర అరగంట నిలబడి, కొత్తవాడికి నాలుగు ఫోన్ నంబర్లు రాసిచ్చే గ్రూపులున్నాయి. నేను నిలదొక్కుకున్నది రెండో రకంలో. నా స్పాన్సర్ దొరికింది కూడా టీ దగ్గరే. స్పాన్సర్ అంటే మనకంటే ముందు మానేసి, మెట్లు ఎక్కడంలో తోడుండే పాత మెంబరు. ఆయనకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. అప్పు మాత్రం అడక్కండి, ఆ బంధం చెడుతుంది.

భార్యనో అన్ననో వెంటబెట్టుకుని వెళ్లాలంటే ఓపెన్ మీటింగుకే వెళ్లాలి, క్లోజ్డ్ మీటింగు తాగుడు సమస్య ఉన్నవాళ్లకు మాత్రమే. ఇంట్లోవాళ్లకు అల్-అనాన్ అని వేరే సంస్థ ఉంది. మా ఆవిడ మొదట "తాగింది నువ్వు, మీటింగు నాకెందుకు?" అంది. ఇప్పుడు నాకంటే క్రమం తప్పకుండా వెళ్తోంది.

ఫిర్యాదులూ ఉన్నాయి. దేవుడి ప్రస్తావన ఎక్కువ. "మనం అర్థం చేసుకున్న దేవుడు" అని మెట్లలోనే వెసులుబాటు ఇచ్చినా, కొందరు పెద్దలు తమ దేవుణ్ణే అందరికీ అంటగడతారు. నాస్తికులకు అది ఇబ్బందే. వాళ్లు దేవుడి ఊసులేని స్మార్ట్ రికవరీ అనే వేరే సంస్థ ఆన్‌లైన్ మీటింగులు చూడొచ్చు. నేను వెళ్లిన మీటింగుల్లో ఆడవాళ్లు చాలా తక్కువ. ఒంటరిగా రావడానికి జంకేవాళ్లకు ఆడవాళ్ల ఆన్‌లైన్ మీటింగులు మేలు.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండించింది, ఒక గ్రూపులో పాత మెంబరు ఒకాయన డాక్టరు రాసిన మాత్రలు వేసుకుంటున్న కొత్త కుర్రాడితో "ఆ మాత్రలు కూడా మత్తే, ఆపెయ్" అనడం. మెంబర్లు డాక్టర్ల పాత్ర పోషించకూడదని ఏఏ కరపత్రంలోనే రాసి ఉంది. అలాంటి మాట వినబడితే ఆ గ్రూపు మార్చేయండి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్, మతిభ్రమ రావచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. మత్తుమందు కలిపిన కల్లుకి అలవాటుపడినవాళ్లకూ ఇదే ప్రమాదం. ముందు డాక్టరు, తర్వాత మీటింగు. ఎవరిని అడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులో మాట్లాడొచ్చు.

ఒక గ్రూపు నచ్చకపోతే ఇంకోటి, అదీ నచ్చకపోతే మరోటి చూడండి. మీటింగుల జాబితాలో ఉన్న సమయాన్ని నమ్మి నేరుగా వెళ్లకండి, గదులూ వేళలూ మారుతుంటాయి. ముందు ఏఏ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయండి. నేను చేసినప్పుడు ఎత్తింది కూడా మానేసిన మెంబరే. "మా తమ్ముడి కోసం అడుగుతున్నానండీ" అన్నాను. ఆయన నవ్వి, "సరే, మీ తమ్ముణ్ణి ఏడుకల్లా రమ్మనండి" అని అడ్రస్ చెప్పాడు.